పెట్టె కొలతలో సమాజపు కొలత
(మార్క్ లెవిన్‌సన్ రచించిన ‘ది బాక్స్’ గ్రంథముపై విమర్శ)

ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము సాధారణముగా కొలతలతో ఆరంభమగును. పొడవునకు మీటరు, ద్రవ్యరాశికి కిలోగ్రాము, కాలమునకు సెకను ప్రమాణములని ఉపాధ్యాయుడు చెప్పును, విద్యార్థి వ్రాసికొనును, తరువాత పాఠము చలనము మీదికి పోవును. ఈ ప్రమాణములను ఎవరు నిర్ణయించిరి, ఏ వాదోపవాదముల పిదప నిర్ణయించిరి, అందువలన ఎవరికి మేలు, ఎవరికి కీడు కలిగెను అను ప్రశ్నలు ఆ పాఠములో రావు. ప్రమాణమనునది ప్రకృతియే విధించినదని విద్యార్థి మనస్సులో ఒక భావము నిలిచిపోవును.

కిలోగ్రాము చరిత్ర చూచినచో ఆ భావము సరికాదని తెలియును. 1889 మొదలుకొని ప్యారిస్ సమీపమున భద్రపరచిన ఒక ప్లాటినం–ఇరిడియం దిమ్మయే కిలోగ్రాముగా చెల్లినది. 2018 నవంబరు 16న వర్సేల్స్‌లో వివిధ దేశముల ప్రతినిధులు సమావేశమై, వోటు వేసి, 2019 మే 20 నుండి దానిని ప్లాంక్ స్థిరాంకము ఆధారముగా నిర్వచించిరి. ప్రకృతిలోని స్థిరాంకమును ఆధారము చేసికొనుటకు కూడ మనుష్యులు ఒకచోట కూర్చుండి ఒప్పుకొనవలసి వచ్చినది.

కిలోగ్రాము విషయములోనే ఇట్లుండగా, వ్యాపారములో వాడు వస్తువుల ప్రమాణముల విషయము చెప్పనక్కరలేదు. ఈ సంగతిని కన్నులకు కట్టినట్లు చూపు పుస్తకము మార్క్ లెవిన్‌సన్ వ్రాసిన ‘ది బాక్స్’. రచయిత అమెరికాకు చెందిన ఆర్థికశాస్త్రజ్ఞుడు, పత్రికా రచయిత. పుస్తకము మొదట 2006లో అచ్చయినది. 2016లో రెండవ కూర్పు వెలువడినది. ఓడల మీద సరకు పంపు ఇనుప పెట్టె, అనగా కంటైనరు, దీని కథానాయిక. ఇది విజ్ఞానశాస్త్ర గ్రంథము కాదు. అయినను కొలతల పాఠము చెప్పు ప్రతి ఉపాధ్యాయుడు చదువదగినది. ముఖ్యముగా పెట్టెల ప్రమాణములు ఏర్పడిన కథ చెప్పు ఏడవ అధ్యాయము ఒక్కటి చదివినను చాలును.

పెట్టెకు ముందు ఓడరేవు ఎట్లుండెనో రచయిత ఒక్క ఓడ లెక్కతో తెలియజేసినాడు. 1954లో ‘వారియర్’ అను ఓడ అమెరికాలోని బ్రూక్లిన్ నుండి జర్మనీలోని బ్రేమర్‌హావెన్‌కు పోయినది. అందులోని సరకు 5,000 టన్నులకు కొంచెము పైన. కాని బస్తాలు, పీపాలు, కట్టలు, పెట్టెలు, విడి సామాను అన్నియు కలిసి 1,94,582. అవి 151 పట్టణముల నుండి వచ్చినవి. వీటిలో ప్రతిదానిని ఒక మనిషి చేయి పట్టి ఎత్తవలెను, ఓడ గర్భములో సర్దవలెను, ఆవలి ఒడ్డున మరల దింపవలెను. మొత్తము ఖర్చులో సముద్రమును దాటుటకు అయినది నూటికి 11.5 వంతులు మాత్రమే. రేవులలో సరకును ఎక్కించి దించుటకు అయినది మూడవవంతునకు మించినది. దూరము కంటె రేవే ఖరీదైనదని ఈ ఒక్క లెక్క చెప్పుచున్నది. నిదానముగా పరిశీలించిన సంఖ్య నూరు వాక్యముల పని చేయుననుటకు ఇది మంచి ఉదాహరణము.

1956 ఏప్రిల్ 26న ‘ఐడియల్–ఎక్స్’ అను ఓడ 58 పెట్టెలతో న్యూయార్క్ సమీపమునగల న్యూవార్క్ రేవు నుండి హ్యూస్టన్‌కు బయలుదేరినది. దాని వెనుకనున్న వ్యక్తి మాల్కమ్ మెక్‌లీన్. లారీల వ్యాపారము చేసి పైకి వచ్చినవాడు. అతడు 1937లో రేవులో ప్రత్తి బేళ్లతో గంటల తరబడి వేచియుండగా, లారీ పెట్టెను యథాతథముగా ఓడ మీదికి ఎత్తవచ్చునని ఒక్కసారిగా తోచినదని ఒక కథ ప్రచారములో నున్నది. ఆనాటి సాక్ష్యమేదియు లేదు గనుక లెవిన్‌సన్ ఈ కథను అంగీకరింపలేదు. ఇది ప్రశంసింపదగిన విషయము. చెట్టు నుండి రాలిన పండును చూచి సిద్ధాంతము పుట్టినదని చెప్పినంత తేలికగా పెట్టె కథను కూడ చెప్పవచ్చును. కాని పెట్టెలో సరకు వేసి పంపుట అప్పటికి క్రొత్త సంగతి కాదు. రైళ్లు, ఓడలు అంతకుముందే అట్టి ప్రయత్నములు చేసియుండెను. క్రొత్తది ఓడ, క్రేను, లారీ, రైలు బండి అన్నిటిని ఒకే పెట్టెకు సరిపడునట్లు మార్చుట. ఇది ఒక్కని బుద్ధికి సాధ్యపడు పని కాదు. ఇక్కడనే ప్రమాణముల ప్రశ్న పుట్టినది.

తొలి సంవత్సరములలో ఎవరి పెట్టె వారిదే. మెక్‌లీన్ కంపెనీ 35 అడుగుల పెట్టెలు వాడినది. తమ స్థావరమునకు పోవు రహదారులపై చట్టము అనుమతించిన లారీ పెట్టె నిడివి అంత కావడమే కారణము. హవాయీ ద్వీపములకు సరకు తీసికొనిపోవు మాట్‌సన్ కంపెనీ 24 అడుగుల పెట్టెలను ఎన్నుకొన్నది. కాలిఫోర్నియా రోడ్ల మీద ఒక లారీ అట్టివి రెండు లాగవచ్చును గదా! రెండు కంపెనీలు తమ తమ లెక్కలు జాగ్రత్తగా వేసికొన్నవి. ఎవరి లెక్క వారికి సరియైనదే. అయినను ఒకరి పెట్టె మరియొకరి ఓడలోని గళ్లలో ఇమడదు, ఒకరి క్రేను మరియొకరి పెట్టెను పట్టదు. రైతు ఒక ఊరి కుంచముతో కొలిచి, మరియొక ఊరి కుంచముతో అమ్మినప్పుడు కలుగు చిక్కే ఇది. ఇక్కడ ఆ చిక్కు సముద్రముల మీదికి ఎక్కినది.

1958 నుండి అమెరికా ప్రభుత్వ నౌకాశాఖయు, ఆ దేశపు ప్రమాణముల సంఘమును ఈ చిక్కు తీర్చుటకు కమిటీలను ఏర్పరచినవి. 1961 ఏప్రిల్‌లో 10, 20, 30, 40 అడుగుల నిడివులు, 8 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ప్రమాణములుగా ఆమోదింపబడెను. అదే సంవత్సరము అంతర్జాతీయ ప్రమాణీకరణ సంస్థ కూడ ఈ పనికి పూనుకొన్నది. ఇందలి విచిత్రమేమనగా, పెట్టెలు వాడుటలో అందరికంటె అనుభవము గల రెండు కంపెనీల కొలతలు, 35 గాని 24 గాని, ప్రమాణములలో చేరలేదు. ప్రమాణమైన పెట్టెలు మోయునట్లు కట్టిన ఓడలకే నిర్మాణ సహాయమిత్తుమని నౌకాశాఖ ప్రకటించుటతో పోరు తీవ్రమై, 1967 నాటికి అమెరికా కాంగ్రెసు వఱకు వెళ్లినది. ఆ కమిటీలలో జరిగినది ప్రయోగశాలలోని పరీక్ష వంటిది కాదు, బేరము వంటిదని లెవిన్‌సన్ చూపినాడు. ఆయన ఎవరిని నిందింపలేదు, ఎవరిని కొనియాడలేదు. ఎవరి లాభము ఎక్కడున్నదో వ్రేలు పెట్టి చూపి ఊరకున్నాడు.

అట్లని ప్రమాణములలో విజ్ఞానశాస్త్రమునకు చోటు లేదనుకొనరాదు. పెట్టె బరువంతయు దాని నాలుగు మూలల నిలువు స్తంభముల ద్వారా క్రిందికి దిగును; ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు అట్టడుగు పెట్టె మూలలు పై వాటి భారమునంతయు మోయవలెను. కనుక మూలలలో అతుకు పోత ఉక్కు దిమ్మ, దాని రంధ్రములో దూరి మెలితిరిగి బిగిసికొను తాళము, ఇవియే పెట్టెకు ప్రాణము. వీటిని కీత్ టాంట్‌లింజర్ అను ఇంజనీరు రూపొందించినాడు. పేటెంటు మెక్‌లీన్ కంపెనీది. 1963లో ఆ కంపెనీ తన హక్కును వదలుకొని, ఆ నమూనాను అందరి వాడుకకు విడిచినది. దాని ఆధారముగా తయారైన మూల దిమ్మను 1965లో అంతర్జాతీయ సంఘము అంగీకరించినది. తీరా పరీక్షించి చూడగా అది బరువునకు ఆగలేదు. 1967లో మరల సరిదిద్దవలసి వచ్చినది. బేరముతో నిడివిని నిర్ణయింపవచ్చును గాని ఉక్కు బలమును నిర్ణయింపరాదని ఈ సంఘటన నేర్పుచున్నది. ప్రమాణములో ఏ భాగము ఒప్పందము, ఏ భాగము ప్రకృతి నియమము అని వేరుచేసి చూచుట విద్యార్థికి మంచి అభ్యాసము.

తరగతి గదిలో చేయదగిన చిన్న లెక్క ఒకటి ఇందులో దాగియున్నది. నేటి 40 అడుగుల పెట్టె నిడివి 12,192 మిల్లీమీటర్లు. 20 అడుగులదని పిలువబడు పెట్టె నిడివి 6,058 మిల్లీమీటర్లు మాత్రమే. రెండు చేర్చిన 12,116. మిగిలిన 76 మిల్లీమీటర్లు, అనగా మూడు అంగుళములు, రెండు చిన్న పెట్టెలను పెద్ద పెట్టె స్థానములో ఉంచినప్పుడు నడుమ విడువవలసిన సందు. మరియొక లెక్క కూడ చూడవచ్చును. పెట్టె వెడల్పు 8 అడుగులగుటకు కారణము ఆనాటి అమెరికా రహదారుల చట్టము. గోడల మందము పోగా లోపలి వెడల్పు సుమారు 2,350 మిల్లీమీటర్లు. ఐరోపాలో సరకు పేర్చు ప్రామాణికపు చెక్క పలక 1,200 మిల్లీమీటర్ల పొడవు, 800 మిల్లీమీటర్ల వెడల్పు గలది. దానిని పొడవుగా రెండు వరుసలు పెట్టినను, అడ్డముగా మూడు వరుసలు పెట్టినను 2,400 మిల్లీమీటర్లు కావలెను. సుమారు 50 మిల్లీమీటర్లు చాలదు! ఒక దేశపు రోడ్డు చట్టము వలన ఒక ఖండపు పలకలు ప్రపంచపు పెట్టెలో చక్కగా ఇమడకున్నవి. రెండును ప్రమాణములే, రెండును సరియైనవే, అయినను ఒకదానితో ఒకటి పొసగవు.

దీనికి భిన్నముగా విద్యార్థి చేతనుండు ఏ–4 కాగితమును చూడవలెను. 297, 210 మిల్లీమీటర్ల ఆ కాగితపు భుజముల నిష్పత్తి సుమారు 2 యొక్క వర్గమూలము. నడిమికి మడిచినను ఆకారము మారదు. 1922లో జర్మనీలో ఏర్పడిన ఈ ప్రమాణమునకు గణితమే ఆధారము. పెట్టె నిడివికి అట్టి ఆధారము లేదు. అయినను రెండును నేడు ఒకే అధికారముతో చెల్లుచున్నవి. అంతేకాదు, ఆనాడు కమిటీ గదిలో బేరమాడి తేల్చిన 20 అడుగుల నిడివి నేడు స్వయముగా ఒక కొలమానమైనది. ఒక ఓడరేవు ఎంత పెద్దదో చెప్పవలెనన్న, సంవత్సరమునకు ఎన్ని ఇరువదడుగుల పెట్టెలకు సమానమైన సరకు దానిగుండా పోయినదో చెప్పుదురు.

ఈ గ్రంథము చదివిన పిదప వ్యాపారమును చూచు దృష్టియే మారును. వ్యాపారమనగా పోటీ అని సామాన్యముగా అనుకొందురు. కాని పోటీ జరుగుటకు ముందు, ఎక్కడ పోటీపడరాదో అందరు కలిసి ఒప్పుకొనవలెను. పెట్టె కొలతలో పోటీ ఆగిన తరువాతనే ఓడల వేగములోను, ఛార్జీలలోను అసలైన పోటీ మొదలైనది. తన పెట్టె రేపు ఎక్కడను చెల్లదేమో అను భయము పోయినందుననే ధనవంతులు ఓడలు, క్రేనులు కట్టుటకు మూలధనము పెట్టిరి. రెండవ సంగతి, ప్రమాణమునకు ఉత్తమమైనదిగా ఉండవలసిన అవసరము లేదు; అందరు ఒప్పుకొన్నదై యుండిన చాలును. ఈ రెండు సూత్రములను లెవిన్‌సన్ బలముగా నిరూపించినాడు.

మూడవ సంగతి బాధాకరమైనది. ప్రమాణము కుదిరినప్పుడు ఓడిపోవువారు ఆ గదిలో ఉండరు. పెట్టె కొలతల కమిటీలలో ఓడల కంపెనీలవారు, రైళ్లవారు, తయారీదార్లు, ఇంజనీర్లు ఉండిరి. కొక్కెము చేతబట్టి బస్తాలు మోసిన రేవు కూలీల మాట అక్కడ సాగలేదు. వారి పోరాటమంతయు వేరుగా, పని పోయిన తరువాత పరిహారము కొఱకు సాగినది. అమెరికా పశ్చిమ తీరమున హ్యారీ బ్రిడ్జెస్ నాయకత్వములోని సంఘము 1960లో యంత్రములను అంగీకరించి, అందుకు ప్రతిగా కార్మికుల నిధిని సంపాదించినది. లండను నగరములో వెస్ట్ ఇండియా రేవులు 1980లో, రాయల్ రేవులు 1981లో మూతపడినవి. పెద్ద పేరు లేని ఫెలిక్స్‌టో అను రేవు ఇంగ్లండులో ముందునకు వచ్చినది. గ్రంథకర్త ఈ కథను దాచలేదు. కార్మికులకు రెండు అధ్యాయములు కేటాయించినాడు. అయినను తుది లెక్కలో ఆయన చేతనున్న తక్కెడ ఖర్చు తక్కెడయే. తరతరములుగా ఒక పేట ప్రజలు నేర్చుకొన్న పనితనము, ఆ పనిచుట్టు అల్లుకొన్న బ్రదుకు ఆ తక్కెడలో తూగవు.

ఆ ఖర్చు లెక్కలను కూడ కొంత జాగ్రత్తగా చదువవలెను. 1956లో విడి సరకును ఓడకెక్కించుటకు టన్నుకు 5.86 డాలర్లు కాగా, ఐడియల్–ఎక్స్ మీద 15.8 సెంట్లే అయినదని పుస్తకములోని ప్రసిద్ధమైన లెక్క. ముప్పదియేడవ వంతు! విద్యార్థులు దీనిని చూచి ఆశ్చర్యపడుట సహజము. కాని ఇది ఓడకెక్కించుటకు అయిన ఖర్చు మాత్రమే. మొత్తము రవాణా ఖర్చు కాదు. పైగా ఆ 15.8 సెంట్లు మెక్‌లీన్ నిపుణులే వేసిన లెక్క. క్రేనులకు, పెట్టెలకు, క్రొత్త ఓడలకు పెట్టిన మూలధనము వేరు. రవాణా ఛార్జీలు మొత్తము మీద ఎంత తగ్గినవో తేల్చుటకు తగిన లెక్కలు దొరకవని లెవిన్‌సన్ స్వయముగా ఒప్పుకొన్నాడు. ఆ నిజాయితీ ఆయనది. ఒక్క సంఖ్యనే పట్టుకొని ప్రచారము చేసిన తప్పు తరువాతి వారిది.

గ్రంథమునకు ప్రధానమైన లోపము దాని రంగస్థలము. కథ చాలవఱకు అట్లాంటిక్, పసిఫిక్ తీరములలో నడచును. భారతదేశమునకు అందులో చోటు స్వల్పము. ఐడియల్–ఎక్స్ బయలుదేరిన 1956వ సంవత్సరముననే భారత పార్లమెంటు తూనికలు కొలతల ప్రమాణముల చట్టమును చేసినది. 1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు నయాపైసలైనది. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు అమలునకు రాసాగినవి. తులము, వీశె, మణుగు పోయి గ్రాము, కిలో వచ్చినవి. సోల, తవ్వ, మానిక, కుంచముల స్థానమును లీటరు ఆక్రమించినది. ఇక్కడ ప్రమాణమును నిర్ణయించినవారు కంపెనీలు కాదు, చట్టసభ. పెట్టె కథలో ప్రమాణము ఐచ్ఛికము, తూనికల కథలో అది శాసనము. ఈ రెండిటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూచినగాని ప్రమాణము సమాజములో ఎన్ని త్రోవల ప్రవేశించునో పూర్తిగా బోధపడదు. ఉపాధ్యాయుడు ఈ భాగమును తానే చేర్చుకొనవలెను.

భారతదేశము ప్రమాణముల ప్రపంచమునకు క్రొత్తది కూడ కాదు. 1946 అక్టోబరులో లండనులో అంతర్జాతీయ ప్రమాణీకరణ సంస్థ స్థాపనకు కూడిన 25 దేశములలో భారతదేశము ఒకటి. 1947లో భారత ప్రమాణముల సంస్థ వెలసినది. ప్లగ్గు మీదను, సిమెంటు బస్తా మీదను కనబడు ఐ.ఎస్.ఐ. ముద్ర ఆ సంస్థదే. 1986 చట్టము ననుసరించి దాని స్థానములో భారత ప్రమాణముల బ్యూరో ఏర్పడినది. అయినను 2003లో విశాఖపట్నము రేవులో కంటైనర్ టెర్మినల్ పని ప్రారంభించునప్పటికి పెట్టె కొలత ఎప్పుడో స్థిరపడిపోయినది. మెట్రిక్ పద్ధతి నవలంబించిన దేశపు రేవులో దిగు ప్రతి పెట్టె 2,438 మిల్లీమీటర్ల వెడల్పు గలది. అది ఎనిమిది అడుగులే గదా! ఆలస్యముగా వచ్చినవారు ముందువారి కొలతలో ఇముడవలసినదే.

ఇన్ని లోపములు చెప్పినను, గ్రంథము యొక్క విలువ తగ్గదు. కంటికి కనబడుచున్నను ఎవరు పట్టించుకొనని వస్తువును తీసికొని, దానిలో చట్టము, శ్రమ, లాభము, ఉక్కు బలము అన్నియు ఎట్లు కలిసియున్నవో చూపుట సామాన్యమైన పని కాదు. భాష సులభము, లెక్కలు స్పష్టము, ఇంగ్లీషు బాగుగా వచ్చిన పై తరగతుల విద్యార్థి ఉపాధ్యాయుని సహాయముతో చదువుకొనగలడు.

చదివిన విద్యార్థి రోడ్డు మీద పోవు కంటైనరు లారీని మునుపటి కన్నులతో చూడడు. ఇంటిలోని ప్లగ్గును, నోటు పుస్తకమును, బియ్యపు కొట్టులోని తూనికరాయిని చూచినప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగును: దీనిని ఎవరు నిర్ణయించిరి? ఇందులో ప్రకృతి నియమమెంత, బేరమెంత? దీనివలన ఎవరి పని సులువైనది? నిర్ణయించునాడు ఎవరిని పిలువలేదు? కొలతల పాఠము ఈ నాలుగవ ప్రశ్న వఱకు సాగిననాడు, అది భౌతికశాస్త్ర పాఠముతో పాటు పౌరశాస్త్ర పాఠము కూడ అగును.